రోబోటిక్స్ శిక్షణను మరిన్ని పాఠశాలలకు విస్తరించాలంటే: కిట్ల కన్నా ముందు నడిపేవాళ్లను చూసుకోండి

మీరు రాసిన దాని సారాంశం ఇది. మీ పాఠశాలలో సాయంత్రం వేళల్లో పదిమంది పిల్లలతో ఒక రోబోటిక్స్ బృందం కొన్నేళ్లుగా నడుస్తోంది, పోటీలకు వెళ్తోంది, అప్పుడప్పుడూ బహుమతులు తెస్తోంది. ఇప్పుడు ఒక దాత ముందుకొచ్చారు. ఆ డబ్బుతో చుట్టుపక్కల పాఠశాలలన్నింటికీ కిట్లు కొని ఇవ్వాలా, ఉన్న బృందాన్నే పెద్దది చేయాలా, కొత్తగా చేరే పాఠశాలలన్నీ పోటీలకు వెళ్లాలా, ఎంత ప్రయత్నించినా ఆడపిల్లలు ఎందుకు నిలవడం లేదు అని మీరు అడిగారు.

ఇలాంటి పనుల్లో చాలాకాలంగా ఉన్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. కిట్లు చాలక ఆగిపోయిన కార్యక్రమాలను నేను తక్కువే చూశాను. కిట్లు బీరువాలో భద్రంగా ఉండి, వాటిని బయటికి తీసి తరగతి నడిపే మనిషి లేక ఆగిపోయినవే ఎక్కువ. మీరు పక్కన లేకపోయినా పాఠం నడపగల ఉపాధ్యాయులు ఎంతమంది తయారవుతారో మీ కార్యక్రమం అంతమేరకే విస్తరిస్తుంది. డబ్బు, సమయం, పాఠాల రూపం అన్నీ ఈ ఒక్క విషయాన్ని బట్టే నిర్ణయించుకోవాలని నా సలహా.

ముందుగా దేన్ని విస్తరించాలో తేల్చుకోవాలి. మీ పోటీ బృందాన్ని ఉన్నది ఉన్నట్టుగా మరో పది చోట్ల నెలకొల్పాలని అనిపించడం సహజమే గానీ, అది తగిన నమూనా కాదు. పదిమంది ఉన్న బృందాన్ని ఒక గంటసేపు పక్కన నిలబడి గమనించండి. ఇద్దరు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటారు, ఒకరు రోబో చేయి బిగిస్తూ ఉంటారు, మరొకరు డబ్బాలోంచి భాగాలు ఏరి అందిస్తుంటారు, మిగిలినవాళ్లు పోస్టరు తయారు చేస్తూనో ప్రాజెక్టు నివేదిక రాస్తూనో కనబడతారు. ఫస్ట్ లెగో లీగ్ లాంటి పోటీలో ఒక జట్టులో పదిమంది దాకా ఉండవచ్చు. రోబో ఆట, రోబో రూపకల్పన, పరిశోధన ప్రాజెక్టు, జట్టు విలువలు అనే నాలుగు అంశాలకూ సమానమైన ప్రాధాన్యం ఉంటుంది కనుక అలా పని పంచుకోవడం అక్కడ న్యాయమే. కానీ ‘ఎక్కువమంది విద్యార్థులకు చేరాలి’ అన్నది మీ లక్ష్యమైనప్పుడు, హాజరు పట్టీలో పది పేర్లు ఉండి ప్రోగ్రామ్ రాయడం ఇద్దరికే వచ్చిందంటే, మీరు చేరుకున్నది ఇద్దరినే. అందువల్ల విస్తరణకు ఇద్దరు పిల్లలకు ఒక రోబో చొప్పున ఉండే చిన్న తరగతిని తీసుకోండి. తప్పనిసరైతే ముగ్గురు, అంతకు మించి వద్దు. పావుగంటకోసారి ల్యాప్‌టాప్ ముందున్నవారూ రోబో దగ్గర ఉన్నవారూ చోటు మారాలి. ఆ మార్పును గడియారానికి అప్పగించండి, ఉపాధ్యాయుడి దయకు వదిలితే చురుకైన పిల్లవాడు సీటు వదలడు.

ఆ తరగతిలో ఏం జరగాలో ఒక ఉదాహరణ చెబితే మిగతాది మీకు సులభంగా అర్థమవుతుంది. మొదటి రోజు నేలమీద ఒక మీటరు ఎడంగా రెండు టేపు గీతలు అంటించి, ఒక గీత దగ్గర బయలుదేరిన రోబో రెండో గీత మీద ఆగాలని చెప్పండి. పిల్లలు ఊహించి మూడు చుట్లు అని రాస్తారు, రోబో సగం దారిలో ఆగిపోతుంది. పది చుట్లు అని మారుస్తారు, అది గీత దాటి ఎటో పోతుంది. కాసేపటికి ఎవరో ఒకరు ‘అసలు చక్రం ఒక్కసారి తిరిగితే ఎంత దూరం పోతుంది?’ అని అడుగుతారు. ఆ ప్రశ్న పిల్లల నోటివెంట వచ్చేదాకా ఉపాధ్యాయుడు జవాబు చెప్పకుండా ఓపిక పట్టాలి, ఈ పాఠంలో ఆయన చేయవలసిన అన్నిటికన్నా కష్టమైన పని అదే. లెగో కిట్లలో మామూలుగా కనబడే 56 మిల్లీమీటర్ల వ్యాసం గల చక్రం చుట్టుకొలత దాదాపు 17.6 సెంటీమీటర్లు, కాబట్టి మీటరు దూరానికి సుమారు 5.7 చుట్లు కావాలి. లెక్క సరిగ్గా వేసినా రోబో ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ ఆగుతుంది. చక్రం జారిందా, ఇరుసు వదులుగా ఉందా, బయలుదేరేటప్పుడే గీతమీద సరిగా పెట్టలేదా అని వెతకడంతో ఆ గంట గడిచిపోతుంది.

రెండో రోజు ‘ఇన్ని చుట్లు’ అనే ఆదేశానికి బదులు ‘మూడు సెకన్లు’ అని రాయించి, నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీతో ఒకసారి, బాగా తగ్గిపోయిన బ్యాటరీతో ఒకసారి నడిపించి దూరాలు కొలిపించండి. కొన్ని కిట్లలో వేగాన్ని హబ్బే (ప్రోగ్రామ్‌ను నడిపే, రోబోకు మెదడులాంటి డబ్బా) సరిదిద్దుకుంటుంది కనుక తేడా కనబడకపోవచ్చు. అటువంటప్పుడు మోటారుకు నేరుగా శక్తి శాతం ఇచ్చే ఆదేశాన్ని వాడాలి. కాలాన్ని నమ్ముకున్న ప్రోగ్రామ్ ఎందుకు నిలకడగా ఉండదో, సెన్సార్ ఎందుకు అవసరమో పిల్లలకు ఈ ఒక్క ప్రయోగంతో అర్థమవుతుంది. నేను ఈ పాఠాన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. దీన్ని నడపడానికి ఇంజనీరు అక్కర్లేదు, చుట్టుకొలత పాఠం చెప్పగలిగిన గణిత ఉపాధ్యాయురాలు చాలు, నిజానికి ఆమే మెరుగ్గా చెబుతుంది. మీరు రాసుకునే ప్రతి పాఠమూ ఈ పరీక్షకు నిలవాలి: ఎలక్ట్రానిక్స్ ఏమాత్రం తెలియని ఉపాధ్యాయుడు ఒక పేజీ సూచనలతో దాన్ని నడపగలడా? నడపలేకపోతే ఆ పాఠం మీ బృందానికి పనికొస్తుందేమో గానీ విస్తరణకు పనికిరాదు.

ఇక ఉపాధ్యాయుల సంగతి. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ 2002లో మొదలుపెట్టిన ‘రొబెర్టా’ కార్యక్రమం ఈ విషయంలో చూడదగ్గది. ఆడపిల్లలకు సాంకేతిక విద్యపై ఆసక్తి కలిగించడం దాని తొలి ఉద్దేశం. దానికోసం వారు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, వారికి పాఠ్యసామగ్రి అందించి, వారి ద్వారా పిల్లలను చేరుకునే మార్గాన్ని ఎంచుకున్నారు. మీరూ ఆ దారినే పట్టండి, కాకపోతే శిక్షణ ఎలా ఉండాలన్న దాని గురించి నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. వేదికమీద ఎవరో ప్రజెంటేషన్ చూపిస్తుంటే కింద వందమంది ఉపాధ్యాయులు కూర్చుని వినే శిక్షణ వల్ల ఒక్క తరగతి కూడా మొదలుకాదు. ఉపాధ్యాయులు పిల్లల స్థానంలో కూర్చుని మొదటి నాలుగు పాఠాలూ తమ చేతులతో చేయాలి. పది చుట్లు అని రాసి రోబోను గోడకు కొట్టించాలి, తీగను తప్పు పోర్టులో పెట్టి ఎందుకు కదలడం లేదో తామే కనిపెట్టాలి. ఆ తర్వాత వారి పాఠశాలలోనే, వారి పిల్లలకే మొదటి పాఠం వారే చెప్పాలి. మీరు వెనక నిలబడి చూడాలి, చేయి వేయకూడదు.

ఒక్కో పాఠశాల నుంచి ఒకరిని కాకుండా ఇద్దరిని తీసుకోండి. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరి బదిలీతోనో ప్రసూతి సెలవుతోనో మొత్తం ఆగిపోతుంది. ఇద్దరున్నప్పుడు ఒకరికి తోచనిది మరొకరికి తోస్తుంది, అంతకంటే ముఖ్యంగా, తెలియదని ఒప్పుకోవడానికి పక్కన మనిషి ఉంటాడు. ఆసక్తి లేని ఉపాధ్యాయులకు ఉత్తర్వుతో ఈ బాధ్యత అంటగట్టడం కన్నా ఆ ఏడాదికి ఆ పాఠశాలను వదిలేయడం మేలు. మూడో వారంలో తప్పకుండా ఫోన్ చేయండి. మొదటి రెండు వారాల ఉత్సాహం తగ్గి, ఒక హబ్ ఛార్జి ఎక్కక, ఒక సెన్సార్ కనబడకుండా పోయి, ‘వచ్చే వారం చూద్దాం’ అనే మాట వినబడేది అప్పుడే. నేరుగా వెళ్లనక్కర్లేదు, పది నిమిషాలు మాట్లాడితే చాలాసార్లు బండి మళ్లీ కదులుతుంది. ఉపాధ్యాయులు ఈ పనికి పెట్టే సమయానికి పారితోషికమో, వారి టైంటేబుల్‌లో ఒక పీరియడ్ మినహాయింపో ఉండాలి. సేవాభావం మీద ఒక ఏడాది నడుస్తుంది, మూడేళ్లు నడవదు.

మీ బృందంలోని పెద్ద పిల్లలను సహాయకులుగా పంపడం మంచి ఆలోచనే. చిన్నపిల్లలు పెద్దవాళ్ల కన్నా వాళ్ల మాట త్వరగా వింటారు, నేర్పడం వల్ల వాళ్లకూ విషయం గట్టిపడుతుంది. అయితే వాళ్లు కీబోర్డు లాక్కుని తామే సరిచేసి పెట్టకూడదన్న నియమం ముందే చెప్పాలి. పరీక్షల కాలంలో వాళ్లు రాలేరు కాబట్టి తరగతి వాళ్లమీద ఆధారపడి ఉండకూడదు.

ఇప్పుడు కిట్ల పెట్టెల సంగతికి వద్దాం. ఇది చిన్న విషయంగా కనబడుతుంది గానీ, విస్తరణలో సగం తలనొప్పి ఇక్కడే ఉంటుంది. ఒక పాఠశాలలో కిట్లు వారానికి రెండు మూడు గంటలకు మించి వాడకంలో ఉండవు, మిగతా సమయమంతా బీరువాలోనే గడుపుతాయి. అందువల్ల పన్నెండు రోబోల కిట్లను ఒక కట్టుగా చేసి, ఒక్కో పాఠశాలలో ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచి, తర్వాతి పాఠశాలకు పంపితే, అంతే డబ్బుతో ఎన్నో రెట్లు ఎక్కువమంది పిల్లలు వాటిని ముట్టుకుంటారు. కొద్దివారాలే ఉంటాయన్న సంగతి తెలిస్తే ఉపాధ్యాయులు కూడా పాఠాన్ని వాయిదా వేయరు, నా అనుభవంలో ఇది ఊహించని లాభం.

అలా తిరగాలంటే ప్రతి పెట్టె మూత లోపల, అందులో ఏ భాగం ఎక్కడ ఎన్ని ఉండాలో చూపించే ఫొటో అంటించి ఉండాలి. పాఠం చివరి పది నిమిషాలు ఆ ఫొటో చూసి పిల్లలే సర్దాలి. ప్రతి హబ్‌కూ ఒక నంబరు, అదే నంబరు దాని పెట్టెమీద, దాని ల్యాప్‌టాప్ మీద ఉండాలి, సాఫ్ట్‌వేర్‌లో హబ్ పేరు కూడా అదే నంబరుగా మార్చాలి. పన్నెండు హబ్‌లు ఒకే పేరుతో ఒకే గదిలో బ్లూటూత్‌లో కనబడితే, ఒక జంట తమ ప్రోగ్రామ్ నడిపితే పక్క బల్ల మీది రోబో కదిలి కింద పడుతుంది. పిల్లలకు అది మహా సరదాగా ఉంటుంది గానీ ఆ పూట పాఠం అక్కడితో ముగిసినట్టే. కొత్త గదిలో మొదటిసారి ఒక్కో హబ్‌ను విడివిడిగా ఆన్ చేసి జత చేయించాలి. ఫర్మ్‌వేర్ (హబ్ లోపల ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు తరగతి గదిలో కాకుండా, పెట్టె బయలుదేరే ముందే పూర్తి చేయాలి. చాలా పాఠశాలల్లో ఇంటర్నెట్ ఫిల్టర్లు ఆ డౌన్‌లోడ్లను ఆపేస్తాయి. పన్నెండు బ్యాటరీలు ఒకేసారి ఛార్జి చేయడానికి ఎన్ని ప్లగ్గులు కావాలో కూడా ముందుగా అడిగి తెలుసుకోండి. రబ్బరు టైర్లు, తీగలు, చిన్న పిన్నులు పోతూనే ఉంటాయి కాబట్టి ప్రతి కట్టుతో పాటు ఒక విడిభాగాల డబ్బా వెళ్లాలి.

ఏ కిట్ కొనాలన్న ప్రశ్నకు నేను తక్కువ సమయం కేటాయిస్తాను. చిన్న తరగతులకు బటన్లు నొక్కితే ఒక్కో అడుగుకు 15 సెంటీమీటర్లు కదిలే బీ-బాట్ లాంటి చిన్న బొమ్మ రోబోలు చాలు. మాధ్యమిక స్థాయిలో పాఠశాలల్లో ఇప్పటికే మైక్రోబిట్ అనే చిన్న కంప్యూటర్ బోర్డులు ఉంటే వాటినే వాడుకోండి. కాకపోతే దాని పిన్నులు మోటారుకు కావలసిన కరెంటు ఇవ్వలేవు కనుక మోటారు డ్రైవర్ ఉన్న బోర్డో, సిద్ధంగా దొరికే చక్రాల బండో కూడా కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, పాఠాలను ఒక కంపెనీ ఉత్పత్తి చుట్టూ కట్టకండి. 1998లో వచ్చిన లెగో మైండ్‌స్టార్మ్స్ రోబో కిట్ల వరుసను కంపెనీ 2022 చివర నిలిపివేసింది. దాని మెనూలను బట్టి పాఠాలు రాసుకున్నవాళ్లు తిరగరాసుకోవలసి వచ్చింది, చుట్టుకొలత, సెన్సార్, పునరావృతం, షరతు అనే భావనల మీద రాసుకున్నవాళ్లకు కొన్ని బొమ్మలు మార్చుకుంటే సరిపోయింది. కిట్లు తమ పాఠశాలకు చేరని వారాల్లో వెక్స్‌కోడ్ వీఆర్, ఓపెన్ రొబెర్టా వంటి బ్రౌజర్‌లో నడిచే సిమ్యులేటర్లు (తెరమీదే రోబోను నడిపి చూసే ప్రోగ్రామ్‌లు) ఉపయోగపడతాయి. అయితే తెరమీద చక్రం జారదు, బ్యాటరీ తగ్గదు. అందుకే అవి అసలు రోబోకు ముందో తర్వాతో పనికొస్తాయి గానీ దాని స్థానంలో కాదు.

పోటీల విషయం కాస్త నిదానంగా ఆలోచించాలి. పైన చెప్పిన ఫస్ట్ లెగో లీగ్ వెనక ఉన్నది డీన్ కేమెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ సంస్థ. అది 1992లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో ఒక పాఠశాల జిమ్‌లో (లోపల ఆటలాడే హాలు) 28 జట్లతో తొలి పోటీ నిర్వహించింది. ఆ ఉద్యమం అంతగా పెరగడానికి పోటీ ఇచ్చే ఉత్సాహమే ప్రధాన కారణమన్నది కాదనలేం. కానీ పోటీలు పెద్దవయ్యేకొద్దీ ఖర్చు, దూరప్రయాణం పెరిగి, చిన్న పాఠశాలలు వెనకబడతాయి. దీనికి మిషిగన్ రాష్ట్రం 2009లో కనిపెట్టిన పరిష్కారం నాకు బాగా నచ్చుతుంది. పెద్ద స్టేడియంలో ఒక భారీ పోటీకి బదులు, దగ్గరలోని పాఠశాల జిమ్‌లలో చిన్న పోటీలు పెట్టి, ఒక్కో జట్టుకు ఒకే ప్రవేశ రుసుముతో రెండు పోటీల్లో ఆడే అవకాశం ఇచ్చారు. జట్లకు ఎక్కువ ఆటలు దక్కాయి. తర్వాత రాష్ట్ర ప్రభుత్వ నిధులూ తోడయ్యాయి. ఫస్ట్ రోబోటిక్స్ పోటీలో పాల్గొనే హైస్కూలు జట్లు అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఇప్పుడు ఆ రాష్ట్రంలోనే, మరికొన్ని ప్రాంతాలు కూడా అదే పద్ధతికి మారాయి. మీ స్థాయిలో దీన్ని అనుసరించాలంటే, నాలుగైదు పాఠశాలలు ఒక శనివారం ఒకచోట కలిసి, ఆ వారాల్లో చేసిన పనినే ఆడే చిన్న మేళా చాలు. వచ్చిన ప్రతి జంటా కనీసం నాలుగుసార్లు తమ రోబోను నడిపేటట్టు చూడండి. మొదటి ఆటలో ఓడి ఇంటికి పోయే పద్ధతి మాత్రం పెట్టకండి.

ఆడపిల్లల గురించి మీరు అడిగిన ప్రశ్నకు సమాధానం కూడా చాలావరకు ఇక్కడే దొరుకుతుంది. నటాలీ రస్క్, మిచెల్ రెస్నిక్ తదితర పరిశోధకులు 2008లో ప్రచురించిన పత్రంలో, రోబోటిక్స్‌లోకి పిల్లలు వచ్చే దారులు ఒకటికి మించి ఉండాలని వాదించారు. ఒకే సవాలు విసిరే బదులు ఒక ఇతివృత్తం ఇవ్వడం, కళను ఇంజనీరింగుతో కలపడం, కథ చెప్పించడం, పోటీకి బదులు ప్రదర్శన పెట్టడం అనే నాలుగు మార్గాలు సూచించారు. విద్యార్థుల రోబో పోటీ అయిన రోబోకప్ జూనియర్‌లో ఫుట్‌బాల్, ఆపదలో ఉన్నవారిని కాపాడే విభాగాలతో పాటు రోబోలతో వేదికమీద ప్రదర్శన ఇచ్చే విభాగం కూడా ఉండటం ఇలాంటి వెసులుబాటే. ‘ఈ వస్తువును నెట్టి గీత దాటించు’ అన్నప్పుడు వెనక్కి తగ్గిన పిల్లలు, ‘మీ రోబో ఒక ఊరేగింపులో నడవాలి, చప్పట్లు వినబడితే ఆగాలి’ అంటే రెండు గంటలు లేవకుండా కూర్చోవడం నేను చూశాను. అందులో వాడే సెన్సార్, షరతు, పునరావృతం అవే. దీనితో పాటు పైన చెప్పిన చోటు మార్పిడి నియమాన్ని కచ్చితంగా పాటించండి. చాలా బృందాల్లో ఆడపిల్లలు మానేయడానికి కారణం ఆసక్తి లేకపోవడం కాదు, మొదటి నెలలోనే పోస్టరూ నోటుపుస్తకమూ వారి వాటాకు వచ్చి, తర్వాత అవే వారికి స్థిరపడిపోవడం.

ఎవరిని తీసుకోవాలన్నది దీనికి అనుబంధ ప్రశ్న. మార్కుల ఆధారంగా ఎంపిక చేయకండి. ముందు వచ్చినవారికి ముందు అనే పద్ధతి కూడా వద్దు, ఎందుకంటే ప్రకటన చూసిన మర్నాడే ఫారం నింపి పంపేది ఇంట్లో ఇప్పటికే ఈ విషయాలు తెలిసినవాళ్లే. బడి ముగిశాక పెట్టే తరగతి, బస్సు అందుకోవలసిన పిల్లలనూ ఇంట్లో తమ్ముళ్లను చెల్లెళ్లను చూసుకోవలసిన పిల్లలనూ మొదటి రోజే వదిలేస్తుంది. వీలైతే ఒక తరగతి మొత్తానికి, పాఠశాల వేళల్లోనే, గణితం లేదా సైన్సు పీరియడ్‌లో ఆరు వారాలు నడపండి. ఆ ఆరు వారాల తర్వాత ఇంకా కావాలనుకునేవాళ్లకు సాయంత్రం క్లబ్బు పెట్టండి. మీ పోటీ బృందాన్ని రద్దు చేయనక్కర్లేదు. ఆ క్లబ్బుల నుంచి వచ్చేవారికి అది పై మెట్టుగా ఉంటుంది, మెలకువలు తెలిసిన పెద్ద పిల్లలు అక్కడే తయారవుతారు.

దాతతో మాట్లాడేటప్పుడు పాఠశాలల సంఖ్యను హామీగా ఇవ్వకండి. ఎన్ని పెట్టెలు పంచామన్నది ఫొటోకు బాగుంటుంది గానీ దాన్ని బట్టి ఏమీ తెలియదు. ఎంతమంది పిల్లలు తాము రాసిన ప్రోగ్రామ్‌తో రోబోను నడిపారు, మొదటి పాఠానికి వచ్చినవారిలో ఆరో పాఠానికి ఎంతమంది ఉన్నారు, రెండో ఏడాది మీ ప్రమేయం లేకుండా తరగతి నడిపిన ఉపాధ్యాయులు ఎంతమంది అన్న మూడు లెక్కలు ఇస్తానని చెప్పండి. వచ్చిన నిధిలో సగానికి మించి కిట్ల మీద పెట్టకూడదని నా అభిప్రాయం. మిగతాది ఉపాధ్యాయుల సమయానికి, విడిభాగాలకు, పెట్టెల రవాణాకు, శనివారం మేళాలకు ఉంచుకోవాలి. డబ్బు మొత్తం ఒకేసారి కాకుండా మూడేళ్లకు విడతలుగా ఇవ్వమని అడగండి. అలా అడిగినందుకు వెనక్కి తగ్గే దాత ఉంటే, ఆ డబ్బుతో ప్రారంభోత్సవం మాత్రమే జరిగేదనుకోవచ్చు.

ఈ ఏడాదికి రెండు పాఠశాలలు చాలు. ఒకటి మీకు దగ్గరగా ఉన్నదీ, ఉపాధ్యాయులు ఉత్సాహంగా ఉన్నదీ తీసుకోండి. రెండోది కావాలనే కాస్త ఇబ్బందులున్నది ఎంచుకోండి: ఇంటర్నెట్ సరిగా లేనిది, కంప్యూటర్లు పాతవి ఉన్నది. మొదటిదాంట్లో పాఠాలు పనిచేస్తాయో లేదో తెలుస్తుంది, రెండోదాంట్లో పెట్టెలో ఇంకేం పెట్టాలో తెలుస్తుంది. ఆరు వారాలు అయ్యాక నలుగురు ఉపాధ్యాయులనూ ఒక పూట కూర్చోబెట్టి, సూచనల పేజీల్లో వారు ఎక్కడ ఆగిపోయారో, ఏ వాక్యం రెండుసార్లు చదవాల్సి వచ్చిందో గుర్తు పెట్టించి, ఆ పేజీలను వారిచేతే తిరగరాయించండి. మూడో పాఠశాల ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వవలసింది ఆ నలుగురే. అప్పుడు మీరు వెనక వరుసలో కూర్చోవచ్చు.